రీలు ఎంపిక ఇంకా పూర్తికాలేదు

రెండువేల ఇరవైయొకటి, మార్చి పధ్నాలుగు, ఆదివారం. ఆ మధ్యాహ్నం మా ఇంట్లో వంజరం పులుసు, పక్కన గుమ్మడి వడియాలు. మామిడికాయ దొరక్క చింతపండు ఓ పిసరు ఎక్కువే పడింది. ఈ తేదీని మీరు దయచేసి గుర్తుపెట్టుకోవాలి. మానవజాతికి దక్కిన ఒక మహా వరాన్ని నేను కనిపెట్టిన రోజు అది.

ఏమిటా వరం? చేపలు పట్టడం అనుకుంటున్నారా? కాదు. చేపలు పట్టడానికి రాడ్ ఏది కొనాలి, రీలు ఏది కొనాలి అని ఎంచుకోవడం!

నవ్వకండి. నేను చాలా సీరియస్‌గా మాట్లాడుతున్నాను. "మార్కెట్‌లో ఇన్ని రాడ్లేమిటి, ఇన్ని రీళ్ళేమిటి, ఏది కొనాలో తెలియక బుర్ర తిరిగిపోతోంది" అని సణిగేవాళ్ళని చూస్తే నాకు జాలి వేస్తుంది. ఇన్ని రకాలు ఉండబట్టే కదా మనం బతికిపోయాం! ఒకే రాడ్, ఒకే రీలు ఉండి ఉంటే మనం ఏనాడో కొనేసి, నీళ్ళ దగ్గరికి వెళ్ళాల్సి వచ్చేది.

తెలియనివారి కోసం నాలుగు మాటలు. సముద్రపు ఒడ్డున, పడవలు తిరిగే లోతు లేకుండా, మోకాలి నుంచి నడుము దాకా నీళ్ళు పరుచుకుని ఉండే చోట్లు ఉంటాయి. అడుగున ఇసుక, గడ్డి. వాటిని ఫ్లాట్స్ అంటారు. పోటు వచ్చినప్పుడు ఆ గడ్డిలో మేయడానికి చేపలు వస్తాయి. చప్పుడు చేయకుండా నిలబడి, తేలికపాటి రాడ్‌తో దూరంగా ఎర విసిరి పట్టాలి. అంతే సంగతి. ఇంత చిన్న పనికి నాలుగేళ్ళు ఎలా పట్టిందని అడుగుతారా? అదే నా ప్రతిభ.

ముందు మా ఊరి గొప్పతనం చెప్పాలి. మాది చాండ్లర్. అరిజోనా ఎడారి. జూన్ నెలలో కారు స్టీరింగ్ పట్టుకోవాలంటే చేతికి గుడ్డ చుట్టుకోవాలి. సముద్రం ఇక్కడికి ఆరు గంటల దూరం. ఉప్పునీటి చేపల గురించి లోతుగా ఆలోచించడానికి ఇంతకంటే అనువైన చోటు భూమ్మీద ఉందా? సముద్రం పక్కనే ఉండేవాడికి ఆలోచించే తీరిక ఎక్కడిది? వాడు తిన్నగా వెళ్ళి పట్టేస్తాడు!

నేను ముప్ఫయ్యొక్క ఏళ్ళు చిప్పులు తయారుచేసే ఫ్యాక్టరీలో క్వాలిటీ విభాగంలో పనిచేసి రిటైరయ్యాను. వెంట్రుకలో వెయ్యోవంతు తేడా ఉన్నా సరుకు పక్కన పెట్టేయడం నా ఉద్యోగం. అలాంటివాడిని పట్టుకుని ఆ ఆదివారం మా ఆవిడ జయంతి ఒక మాట అంది. ఆవిడది మచిలీపట్నం. ఫ్రీజర్‌లోంచి తీసిన ఆ వంజరం ముక్క కొరికి, కాసేపు నమిలి, "ఏవండీ, ఈ చేప సముద్రం మొహం చూసి ఏడాది అయ్యుంటుంది. ఒక్కసారి మీ చేత్తో పట్టిన చేప తెండి. పులుసంటే ఏమిటో చూపిస్తాను" అంది.

"ఓ, దానికేం!" అన్నాను. చేయి కడుక్కుని, తిన్నగా వెళ్ళి కంప్యూటర్‌లో స్ప్రెడ్‌షీట్ తెరిచాను.

రాడ్ ఆరున్నర అడుగులా, ఏడా, ఏడున్నరా? అంతా వంగేదా, కొస మాత్రమే వంగేదా? పట్టుకునేచోట కార్కా, ఫోమా? రీలు రెండున్నర వేల సైజా, మూడువేలా, నాలుగువేలా? (అవి డాలర్లు కావు, ఇంచులు కావు. ఏమిటో కనుక్కోవడానికే నాకు వారం పట్టింది. కంపెనీకో లెక్క!) ఉప్పు లోపలికి పోకుండా ఎన్ని చోట్ల సీల్ వేశాడు? దారం అల్లినదా, అల్లనిదా? మొత్తం ఇరవైయేడు నిలువు వరసలు తేలాయి. ఇరవైయేడో వరస రీసేల్ వాల్యూ. మనవాళ్ళం, అది లేకుండా ఏదైనా కొంటామా?

ఆ స్ప్రెడ్‌షీట్ ఒకరికి పంపాను. ఆయన ఇంకొకరికి పంపాడు. ఆరు నెలల్లో అరవైయొక్క మందితో వాట్సాప్ గ్రూప్ తయారైంది. నాలుగేళ్ళలో ఆ గ్రూప్‌లో పద్దెనిమిది వేల మెసేజ్‌లు వచ్చాయి. మరి పట్టిన చేపలు? సున్నా! పద్దెనిమిది వేల మాటల్లో ఒక్క ప్రాణికి కూడా హాని జరగలేదంటే, ఇంతకంటే అహింసాయుతమైన వేట ఎక్కడైనా ఉందా?

మా తేజేశ్వర్‌ని చూడండి. అతను ఇప్పటికి పదకొండు రీళ్ళు కొన్నాడు. పదకొండూ వాపసు ఇచ్చాడు. తొంభై రోజుల్లోపు తిరిగిస్తే ఏమీ అడగరు కదా! రీలు మీది ప్లాస్టిక్ కవర్ తీయడు, రాడ్ ట్యాగ్ తెంపడు. తొంభై రోజులు హాల్లో పెట్టుకుని చూసుకుంటాడు, ఎనభైతొమ్మిదో రోజున సాగనంపుతాడు. రిటర్న్స్ కౌంటర్‌లో అమ్మాయి అతన్ని పేరు పెట్టి పిలుస్తుంది, వాళ్ళ పిల్లల చదువుల గురించి అడుగుతుంది. పరాయి దేశంలో అంత ఆప్యాయత ఊరికే వస్తుందా?

ఇక రాఘవులుగారు. ఆయన గుడ్డు కూడా ముట్టని శాకాహారి. అయినా గ్రూప్‌లో అందరికంటే ఉత్సాహవంతుడు. పట్టి వదిలేస్తే దోషం లేదంటాడు. బతికున్న పురుగుని ఎరగా గుచ్చడం ఇష్టం లేక ప్లాస్టిక్ రొయ్యలు తెప్పించాడు. అచ్చం తోక ఆడించే రొయ్యలు, అయినా శుద్ధ శాకాహారం! అంతా బాగానే ఉండేది, పాకెట్ వెనక చిన్న అక్షరాలు చదవకపోయి ఉంటే. చేపలకి నోరూరడానికి కంపెనీవాడు వాటికి అసలు రొయ్యల రసం పట్టించాడట. రొయ్య రసం పూసిన ప్లాస్టిక్ రొయ్య శాకాహారమా, మాంసాహారమా? ఈ చర్చ గ్రూప్‌లో మూడు వారాలు నడిచింది. చివరికి ఆయన ఆ పాకెట్‌ని తన గరాజ్ బయట, చెత్తబుట్ట పక్కన, విడిగా ఒక డబ్బాలో పెట్టారు. అది ఇప్పటికీ అక్కడే ఉంది. రాఘవులుగారు దాన్ని దాటినప్పుడల్లా పంచె కొంచెం ఎత్తి పట్టుకుంటారు.

పూజ సంగతి చెప్పలేదు కదూ! శశికాంత్ అని ఒకాయన ధైర్యం చేసి, ట్యాగ్ తెంపి, రీలుని గుడికి తీసుకెళ్ళాడు. వాహనపూజ చేయించాడు. కారు చక్రాల కింద పెట్టినట్టు రీలు కింద నిమ్మకాయ పెట్టారు. గుడి ఆఫీసులో ఇది ఏ పద్దు కిందికి వస్తుందో తెలియక టూవీలర్ కింద రాసుకున్నారు. పసుపు, కుంకుమ, హారతి, అన్నీ లక్షణంగా జరిగాయి. ఆఖర్న కొట్టిన కొబ్బరికాయ నీళ్ళు చిమ్మి బేరింగులోకి పోయాయి. సముద్రపు నీళ్ళని తట్టుకునే రీలు అది. కొబ్బరినీళ్ళ సంగతి కంపెనీ వాడు ఆలోచించలేదు! ఇప్పుడు తిప్పితే కుయ్యిమంటుంది. శశికాంత్ మళ్ళీ ఎంపిక మొదలుపెట్టాడు. చూశారా, దేవుడు కూడా మన పక్షమే!

సరే, నా సంగతికి వస్తాను.

రెండువేల ఇరవైరెండు ఆగస్టు నాటికి నేను ఒక రాడ్ తెచ్చాను. కొన్నాననకండి, పోల్చి చూడటానికి తెచ్చాను. ఏడడుగులది. ట్యాగ్ పదిలంగా ఉంది, బిల్లు ఫ్రిజ్ మీద అయస్కాంతం కింద ఉంది. తొంభై రోజుల గడువు క్యాలెండర్‌లో రాసుకున్నాను. ఒకరోజు పొద్దున చూస్తే జయంతి కుట్టుమిషన్ ముందు కూర్చుని ఉంది. ఆకుపచ్చ బ్లౌజ్‌పీస్ ఒకటి చీల్చి రాడ్‌కి పొడుగాటి గలేబు కుడుతోంది. పక్కన కత్తెర. కత్తెర పక్కన, తెగిన ట్యాగ్!

"ఇంక వాపసు ఇవ్వలేరుగా. పదండి, ఎప్పుడు వెళ్దాం?" అంది. ముప్ఫయ్యారేళ్ళ కాపురంలో ఆవిడ మొహంలో అంత విజయం నేనెప్పుడూ చూడలేదు.

నేను తక్కువవాడినా? "రాడ్ అయింది సరే. మరి రీలు?" అన్నాను.

రీలు ఎంపిక మొదలైంది. ముప్ఫైతొమ్మిది రకాలు జాబితాకెక్కాయి. నెలకి రెండు మూడు చొప్పున కొట్టేస్తూ వచ్చాను. ఆవిడ సాయంత్రాలు కాఫీ తెచ్చి, నా పక్కన కుర్చీ వేసుకుని, స్క్రీన్ కేసి చూస్తూ ఉండేది. "ఇవాళ ఎన్ని పోయాయి?" అని అడిగేది. "రెండు" అంటే, "పర్లేదు, దగ్గరికొచ్చాం" అనేది. తరువాత తరువాత హాస్పిటల్‌లో కూడా అలాగే అడిగింది.

రెండువేల ఇరవైమూడు అక్టోబరులో ఆవిడ వెళ్ళిపోయింది. ఆ రోజుకి నా జాబితాలో ఇంకా ఆరు రీళ్ళు మిగిలి ఉన్నాయి.

చూశారా, ఎంపిక ఎంత నెమ్మదస్తురాలో! మనుషులు ఆగకపోయినా అది ఆగుతుంది. తరువాత కూడా నేను మానలేదు. ఎందుకు మానాలి? మనిషి లేని ఇంట్లో సాయంత్రం ఆరింటి నుంచి తొమ్మిదింటి దాకా ఒక పని ఉండటం చిన్న మేలా? ఆరు రీళ్ళని నేను మళ్ళీ ముప్ఫైకి పెంచాను. పైగా నా కీర్తి పెరిగింది. ఊళ్ళో ఎవరికి రాడ్ మీద మనసుపడినా ముందు నా దగ్గరికే పంపేవారు.

అలా వచ్చినవాడే రఘు. రెండు వీధుల అవతల ఉంటాడు. కరీంనగర్ కుర్రాడు, చిప్పుల ఫ్యాక్టరీలోనే ఇంజనీరు. అతని భార్య నమ్రతది నెల్లూరు. నమ్రతకి అప్పుడు నాలుగో నెల. కడుపుతో ఉన్న పిల్ల నోరు తెరిచి ఒక కోరిక కోరింది. మామిడికాయ కాదు, బంగారం కాదు. మొగుడు తన చేత్తో పట్టిన సముద్రపు చేప, నెల్లూరు పులుసు. "ఏప్రిల్ దాటితే దూరప్రయాణాలు వద్దు" అని డాక్టరమ్మ చెప్పేసింది. రఘు నా దగ్గరికి వచ్చింది జనవరిలో. నాలుగు నెలలు! హాయిగా సరిపోయే సమయం కాదూ?

శుక్రవారం శుక్రవారం సాయంత్రం వచ్చి మా గరాజ్‌లో కూర్చునేవాడు. ఓ పక్క బియ్యం బస్తాలు, ఓ పక్క పాత వెట్ గ్రైండర్, మధ్యలో మేమిద్దరం, ల్యాప్‌టాప్.

"అంకుల్, మూడువేల సైజు తీస్కోవాల్నా, నాలుగువేలదా?"

"నువ్వు గాలి వైపు విసురుతావా, గాలితో పాటు విసురుతావా?"

"ఇంకా విసరనే లేదు కద అంకుల్."

"అదే నేననేది. తొందరపడకు."

అతను తలూపి ఇంకో వరస చేర్చేవాడు. ఎంత వినయం! ఫిబ్రవరి అయింది, మార్చి అయింది. ఏప్రిల్ మూడో వారం వచ్చేసరికి స్ప్రెడ్‌షీట్ నాలుగో వర్షన్‌లో ఉంది. ఇల్లు కొనేటప్పుడు స్కూల్ డిస్ట్రిక్ట్ చూసుకున్నదానికంటే ఎక్కువ శ్రద్ధ పెట్టాడు రఘు. మిగిలింది ఒక్క వారం. గడువు ముంచుకొచ్చి రఘు శుక్రవారం దాకా ఆగలేదు; ఆ గురువారం సాయంత్రం గరాజ్ తలుపు దగ్గర నమ్రత కనిపించింది. ఒక చేయి నడుముకి ఆన్చి, పొట్ట ముందుకు పెట్టి నిలబడింది. రెండో చేతిలో స్టీల్ గిన్నె, పులిహోర. కోపంగా వచ్చేటప్పుడు కూడా పులిహోర మరిచిపోని పిల్ల. ఇలాంటి చిన్న చిన్న దయల మీదే నేను ఏడాదిన్నరగా బతుకుతున్నాను.

"రఘూ, ఈ వారం పోకపోతే ఇంక లేదు. తెలుసా నీకు?" అంది.

"తెలుసు. ఇంక రెండే మిగిలినయ్ నమ్రతా. సీలింగ్ ఒక్కటి చూస్తే అయిపోతది."

"సీలింగా! పుట్టే బిడ్డ స్కూలుకి పోయేదాకా చూస్తా ఉండు. నీకు తోడు ఈ అంకుల్ ఒకరు." నా వైపు తిరిగింది. ఆకుపచ్చ గలేబులో గోడకి ఆనించి ఉన్న రాడ్ మీద ఆమె చూపు పడింది. "ఆంటీ కుట్టారని రఘు చెప్పాడు. ఆంటీ ఏ రాడ్ అడిగారు అంకుల్?"

ఇంత సులువైన ప్రశ్న నన్ను నాలుగేళ్ళలో ఎవరూ అడగలేదు.

"ఆవిడ రాడ్ అడగలేదమ్మా" అన్నాను.

"మరి?"

"చేప అడిగింది."

రఘు నెమ్మదిగా ల్యాప్‌టాప్ మూశాడు. నా కళ్ళజోడు ఎందుకో మసకబారింది. గరాజ్‌లో దుమ్ము ఎక్కువ, మీకు తెలుసుగా.

"రేపు మధ్యాహ్నం మూడింటికి బయల్దేరుతున్నాం. మీరూ రావాలి అంకుల్. మీరు లేకపోతే ఈయన అక్కడ నీళ్ళలో నిలబడి మీకు ఫోన్ చేస్తా కూర్చుంటాడు" అంది నమ్రత.

"రీలు లేదు కదమ్మా" అన్నాను. నా వృత్తి ధర్మం నేను వదలకూడదు కదా!

"అక్కడ అంగళ్ళు లేవా ఏంది?"

శుక్రవారం బయల్దేరాం. గిలా బెండ్‌లో ఒకసారి, యూమాలో ఒకసారి ఆగాం. రెండు చోట్లా బాత్‌రూములు అద్దంలా ఉన్నాయి. ఏడో నెల మనిషితో ఎడారి దాటేవాడికి ఇంతకంటే కావలసిందేముంది? దారంతా రఘు డ్రైవ్ చేస్తూ నీళ్ళ పోటు వేళలు వల్లె వేశాడు. నమ్రత వెనక సీట్లో కాళ్ళు చాపుకుని నిద్రపోయింది. రాత్రికి శాన్ డియాగోలో హోటల్లో దిగి, శనివారం పొద్దున ఆరున్నరకల్లా అఖాతం ఒడ్డున ఒక చిన్న అంగడి ముందు నిలబడ్డాం.

అంగడిలో తెల్లగడ్డం పెద్దాయన. వెనక గోడ నిండా రీళ్ళు. నా ముప్ఫై అభ్యర్థులూ ప్రాణాలతో కళ్ళెదుట! రఘు ఫోన్‌లో స్ప్రెడ్‌షీట్ తెరిచి ఆయనకి వివరించడం మొదలుపెట్టాడు. పెద్దాయన పాపం ఓపికగా తొమ్మిదో వరస దాకా విన్నాడు. తరువాత గోడ గడియారం వైపు చూసి, పోటు ఇంకో రెండు గంటలే ఉంటుందని చెప్పాడు.

నమ్రత గోడ వైపు చేయి చూపించి, "ఆ నీలం రంగుది ఇవ్వండి. ఆంటీ గలేబుకి బాగుంటుంది" అంది.

పాఠకులారా, నేను గడియారం చూశాను. నలభై సెకన్లు! నాలుగేళ్ళ పరిశోధన, ఇరవైయేడు వరసలు, అరవైయొక్క మంది మేధావులు ఒకవైపు. గలేబుకి నప్పే రంగు ఒకవైపు. పైగా అది మూడువేల సైజు, నా జాబితాలో ఆఖరిదాకా మిగిలిన ఆరింటిలో ఒకటి. ఈ అవమానాన్ని నేను గ్రూప్‌లో ఇంతవరకు చెప్పలేదు.

ఒక్కరోజు లైసెన్సులు తీసుకున్నాం. పెద్దాయన రీలుకి దారం చుట్టి, చేప పొడుగు కొలిచే స్టిక్కర్ ఒకటి ఉచితంగా చేతిలో పెట్టాడు. ఇదీ ఒక చిన్న దయే.

నీళ్ళు మోకాలి దాకా ఉన్నాయి. చల్లగా ఉన్నాయి. పాదాల కింద ఇసుక నెమ్మదిగా కదులుతోంది. ఎడారిలో ఎన్ని వీడియోలు చూసినా ఈ సంగతి ఒక్కడూ చెప్పలేదు.

మొదట రఘు విసిరాడు. రీలు మీద దారాన్ని వదిలే తీగ ఒకటి ఉంటుంది, విసిరేముందు దాన్ని పైకెత్తాలి. ఎత్తలేదు. దారం పటుక్కున తెగింది. ప్లాస్టిక్ రొయ్య మాత్రం ఒంటరిగా అద్భుతమైన దూరం వెళ్ళింది.

"నాలుగు నెలలు చదివితివి" అంది నమ్రత ఒడ్డున మడత కుర్చీలోంచి.

"తీగ గురించి అంకుల్ చెప్పలే!"

"స్ప్రెడ్‌షీట్‌లో లేదు నాయనా" అన్నాను. నిజమే, ఎక్కడా లేదు.

రెండోసారి తీగ ఎత్తాడు. ఈసారి ఎర వెనక్కి వెళ్ళి నా టోపీని పట్టుకుంది. మా గ్రూప్ చరిత్రలో పట్టిన మొదటి సరుకు అదే! కొలవబోయాడు కూడా.

"ఇటియ్యి" అంటూ నమ్రత లేచింది. చెప్పులు విప్పి, చీలమండ దాకా నీళ్ళలోకి వచ్చింది. రఘు ఒక చేత్తో ఆమె మోచేయి పట్టుకున్నాడు. రెండో పక్క నేను నిలబడ్డాను, ఏం చేయాలో తెలియక గొడుగులా చేతులు పెట్టి. ఆమె పెద్ద హంగామా ఏమీ చేయలేదు. నేతి గిన్నెలో చెంచా వేసినంత నెమ్మదిగా విసిరింది. ముప్ఫై అడుగుల దూరంలో ఎర నీళ్ళలో పడింది. గడ్డి పక్కన. రెండు చుట్లు తిప్పింది. మూడో చుట్టుకి రాడ్ వంగింది!

కొస మాత్రమే వంగింది. నా ఎంపిక! ఆ ఒక్క విషయంలో నేను గెలిచానని దయచేసి రాసుకోండి.

"అంకుల్! అంకుల్! ఏం చెయ్యాలి?"

"తిప్పమ్మా! కాదు, ఆగు! కాదు, తిప్పు!"

"అది గుంజుతోంది రఘూ!"

"గుంజనీ, గుంజనీ! వదలకు! నువ్వు కూసో! వద్దు, నిలబడు!"

రీలు బర్రుమని పాడింది. ఆ పాట కోసం నేను ఎన్ని వీడియోలు విన్నానో! ఒక నిమిషం, రెండు నిమిషాలు. ఒంటి నిండా చుక్కలున్న చేప ఒకటి నీళ్ళు చిమ్ముతూ మా మధ్యకి వచ్చింది. రఘు దాన్ని రెండు చేతులతో పట్టుకున్నాడు, రేపు బిడ్డని ఎలా పట్టుకోవాలో ప్రాక్టీసు చేస్తున్నట్టు.

స్టిక్కర్ తీసి కొలిచాను. ఇక్కడ ఆ జాతి చేపని ఉంచుకోవాలంటే పద్నాలుగు అంగుళాలుండాలి. మళ్ళీ కొలిచాను. క్వాలిటీ విభాగంలో మూడుసార్లు కొలవందే సంతకం పెట్టం. మూడోసారీ అదే వచ్చింది.

"పన్నెండుంపావు. రిజెక్ట్" అన్నాను.

ముగ్గురం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. నమ్రత కళ్ళు చేప మీద ఉన్నాయి. పులుసు, మామిడికాయ, నాలుగు నెలల కోరిక, అన్నీ ఆ పావుతక్కువ రెండంగుళాల దగ్గర ఆగిపోయాయి. అప్పుడామె పకపకా నవ్వింది. నవ్వుతూనే చేపని రెండు చేతుల్లోకి తీసుకుని, అతి కష్టం మీద వంగి నీళ్ళలో వదిలింది. అది ఒక్క క్షణం ఆమె వేళ్ళ మధ్య ఆగి, గడ్డిలోకి జారిపోయింది.

"మరి నీ కోరిక?" అన్నాడు రఘు నీరసంగా. "మార్కెట్ల కొనుక్కుందమా?"

"కొందాం. పులుసుకి ఏ చేపైతే ఏం. తీసుకొచ్చావు గదా" అంది. తరువాత రాడ్‌ని నా చేతికిచ్చింది. "ఇప్పుడు మీరు అంకుల్. ఆంటీ కోసం ఒకటి."

విసిరాను. ఏమీ పడలేదు. గంటన్నరలో ఇరవైసార్లు విసిరి ఉంటాను. ఒక్క చేప కూడా నా ఎర కేసి చూడలేదు. ఇన్నేళ్ళు నేను వాటిని చూడలేదు, అవి నన్ను చూడలేదు. లెక్క సరిపోయింది. ఆఖర్న పోటు తీసి నీళ్ళు వెనక్కి పోతుంటే, "ఇవాళ ఎన్ని పోయాయి?" అని ఎవరో పక్కనుంచి అడిగినట్టనిపించింది. "అన్నీ" అన్నాను పైకే. రఘు విన్నాడేమో, నా చేతిలోంచి రాడ్ అందుకున్నాడు.

కనక పాఠకులారా, నా వాదన మారలేదు. ఎంపిక గొప్ప వరమే. మీలో రాడ్ ఎంచుకుంటున్నవారు నిదానంగా ఎంచుకోండి. రీళ్ళ కంపెనీలవారు ఏడాదికి ఇంకో వంద రకాలు విడుదల చేయాలని కూడా మనవి. నాకున్నదల్లా ఒకటే చిన్న ఫిర్యాదు, అదీ నా మీదే. ఆ స్ప్రెడ్‌షీట్ తయారుచేసింది నేను. బరువుకి వరస పెట్టాను, పొడుగుకి పెట్టాను, సీళ్ళకి పెట్టాను, ఆఖరికి రీసేల్ వాల్యూకి కూడా పెట్టాను. 'ఎవరితో వెళ్తావు' అన్నదానికి మాత్రం పెట్టలేదు. అది పెట్టి ఉంటే ఇరవైరెండు ఆగస్టులోనే తేలిపోయేది. ఏ రీలైనా సరిపోయేది.

శనివారం రాత్రి తొమ్మిదింటికి చాండ్లర్ చేరాం. బజార్లో కొన్న చేప ఐస్ డబ్బాలో ఉంది. ఆదివారం పులుసు మా ఇంట్లోనే అని దారిలోనే తీర్మానమైపోయింది. మామిడికాయ నేను కొనాలి. ఏ రకం మామిడికాయ అని అడగబోయి మానుకున్నాను.

లోపలికొచ్చి వాలుకుర్చీలో కూర్చున్నవాడిని, కూర్చున్నట్టే కళ్ళు మూసుకున్నాను. గరాజ్‌లో వాళ్ళ మాటలు వినిపిస్తున్నాయి.

"ష్, అంకుల్ పడుకున్నట్టున్నారు. రాడ్ అక్కడ పెట్టి వచ్చెయ్" అంది నమ్రత.

"ఆగు. కడగాలె. మంచినీళ్ళతో కడగకపోతే ఉప్పు పడ్తది."

కొళాయి తిప్పిన చప్పుడు. నీళ్ళు సన్నగా, చాలాసేపు పడుతున్నాయి. పద్దెనిమిది వేల మెసేజ్‌లలో రీలు ఎలా కడగాలో నాలుగు వందలు ఉంటాయి. మా ఎడారిలో ఒక రీలుకి ఉప్పు కడగాల్సిన అవసరం రావడం మాత్రం అదే మొదలు. లేచి వెళ్ళి చూడాలనిపించింది. చూడలేదు. వింటూ ఉండిపోయాను.

కొళాయి ఆగింది. గలేబు సర్దిన చప్పుడు. లైటు ఆర్పారు. గడియ పడ్డ సవ్వడి కూడా రాకుండా, రఘు బయటి నుంచి తలుపు నెమ్మదిగా దగ్గరికి లాగాడు.